తుపాను పోయాక పనులెవరికి?

అక్టోబరు దగ్గరపడుతోందంటే చాలు, గోపాలపురం నుంచి సోంపేట దాకా తీరంలో జనం గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుంటారు. ఊరికే కాదు. 1999 అక్టోబరులో రెండు వారాల తేడా కూడా లేకుండా రెండు తుపానులొచ్చాయి. మొదటిది గంజాం తీరాన్ని కొట్టింది. రెండోది 29న జగత్‌సింగ్‌పూర్ వైపు విరుచుకుపడి సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి అటు ఉద్దానం కొబ్బరితోటల్ని, ఇటు గజపతి జిల్లా కొండ ఊళ్లని నేలమట్టం చేసింది.

ప్రాణాలు కాపాడే విషయంలో ఒడిశా చాలా నేర్చుకుంది. అది ఒప్పుకోవాలి. ఫైలిన్ నాడు దాదాపు పది లక్షల మందిని ముందే షెల్టర్లకు తరలించారు. 1999లో వేలల్లో ఉన్న చావుల లెక్క పదుల్లోకి దిగింది. అయితే మనిషి బతికి బట్టకట్టాక రెండో ప్రశ్న మొదలవుతుంది. కూలిన ఇల్లు ఎవరు కట్టాలి? తెగిన రోడ్డు ఎవరు వెయ్యాలి? పడిపోయిన కరెంటు స్తంభం ఎవరు నిలబెట్టాలి? టార్పాలిన్లు, జనరేటర్లు, మంచినీళ్ల ట్యాంకర్లు ఎవరి దగ్గర కొనాలి? ఆ పనుల మీద ఖర్చయ్యే కోట్ల రూపాయలు తుపాను దెబ్బతిన్న ఊళ్లోనే తిరుగుతాయా, లేక వచ్చిన లారీలోనే ఎక్కి వెళ్లిపోతాయా?

ఈ ప్రశ్న సరిహద్దు తెలుగువాళ్లకి మరీ ముఖ్యం. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి బజార్లలో హార్డ్‌వేర్ షాపులు, టెంట్ హౌస్‌లు, వెల్డింగ్ షెడ్లు, జేసీబీలు, ట్రాక్టర్లు పెట్టుకుని బతుకుతున్న తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. గంజాం తీరంలో, పూరీ పెంటకటలో తెలుగు మాట్లాడే మత్స్యకారులున్నారు. పడవ మరమ్మతు, వల అల్లిక వాళ్ల ఇంటి విద్య. తుపాను దెబ్బ వీళ్లందరికీ తగులుతుంది. తుపాను తరవాతి పని మాత్రం వీళ్లలో ఎంతమందికి దక్కుతోంది?

కత్రినా చెప్పిన సంగతి

ఈ గొడవ మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఉంది. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ న్యూ ఆర్లీన్స్‌ని ముంచింది. ఇళ్లు పోయినవాళ్లకి తాత్కాలిక గృహాలు ఏర్పాటు చేసే పనిని ఫెడరల్ ప్రభుత్వం నాలుగు పెద్ద కంపెనీలకి పోటీ టెండరు లేకుండానే అప్పగించింది. కారణం అడిగితే అత్యవసరం అన్నారు. పెద్ద కంపెనీ పనిని కింది కంపెనీకిచ్చింది, అది ఇంకో కంపెనీకిచ్చింది. చేతులు మారి మారి చివర్న గునపం పట్టినవాడి దగ్గరికొచ్చేసరికి మిగిలింది చిల్లరే. ఊళ్లో ఉన్న చిన్న కాంట్రాక్టర్లు ఇళ్లు పోగొట్టుకుని, పనులూ దొరక్క, బయట రాష్ట్రాల ట్రక్కులు తమ వీధిలో చెత్త ఎత్తుతుంటే చూస్తూ నిలబడ్డారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు అన్న సామెత అమెరికాకీ సరిపోయింది.

విచిత్రమేమిటంటే స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట అప్పటికే చట్టంలో ఉంది. 1988 నాటి స్టాఫర్డ్ చట్టం 307వ సెక్షన్ అదే చెబుతోంది. శిథిలాలు తొలగించడం, సరుకు పంచడం, పునర్నిర్మాణం వంటి పనుల్లో ఆ విపత్తు ప్రాంతంలో ఉండే సంస్థలకూ వ్యక్తులకూ ముందు అవకాశం ఇవ్వాలని రాసి ఉంది. రాసి ఉన్నా అమలయ్యే మార్గం లేదు. కత్రినా గొడవ తరవాత 2006లో అమెరికా పార్లమెంటు ఆ మార్గం వేసింది. పని స్థానికుడికి ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో అధికారి కాగితం మీద రాయాలంది. అత్యవసరం పేరుతో పోటీ లేకుండా ఇచ్చే కాంట్రాక్టు మామూలుగా 150 రోజులు మించకూడదంది. కాంట్రాక్టు విలువలో 65 శాతానికి మించి కింది కంపెనీలకి వదిలేయకుండా కట్టడి పెట్టింది. ఏ సరుకు, ఏ సేవ అవసరమవుతాయో ముందే లెక్కేసి, తుపాను రాకముందే కాంట్రాక్టులు ఖరారు చేసుకోవాలంది.

దీనితో అక్కడంతా బాగుపడిపోయిందని కాదు. 2017లో మరియా హరికేన్ పోర్టోరికోని దెబ్బతీసినప్పుడు మూడు కోట్ల భోజన ప్యాకెట్లు సరఫరా చేసే 15.6 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఒకే ఒక్క మనిషి నడిపే కంపెనీకి దక్కింది. అందినవి 50 వేల ప్యాకెట్లు. కాంట్రాక్టు రద్దయింది. ఆకలితో ఉన్నవాడికి రద్దు కాగితం అన్నం పెట్టదు కదా! పెద్ద కంపెనీయే తప్పు, చిన్న కంపెనీయే ఒప్పు అని తేల్చేస్తే కుదరదని ఈ ఉదంతం చెబుతోంది. చేయగల సత్తా ఎవరికుందో తుపానుకు ముందే చూసుకోవాలి.

మన చట్టంలో ఏముంది?

మన దేశంలో 2005 విపత్తు నిర్వహణ చట్టం ఉంది. అందులో 50వ సెక్షన్ చాలామంది వ్యాపారులకి తెలియదు. రక్షణకో సహాయానికో సరుకులు వెంటనే కావాలని జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా అథారిటీ భావిస్తే టెండరు పిలవకుండానే కొనొచ్చు. టెండరు నిబంధన మాఫీ అయినట్టే లెక్క. వాడిన సరుకుకి అధీకృత అధికారి ఇచ్చే ధ్రువపత్రమే లెక్కల్లో చెల్లుబాటయ్యే వోచరు.

ఈ సెక్షన్ అవసరమే. గాలివానలో టెండరు పెట్టె తెరిచి కూర్చుంటే జనం ఆకలికి పోతారు. చిక్కల్లా ఏమిటంటే, టెండరు లేనప్పుడు ఆర్డరు ఎవరికి వెళుతుంది? అధికారికి ఫోను నంబరు తెలిసినవాడికి వెళుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేవాడు ఎవరో తెలియని వాడి సంగతేమిటి? భాష రాక, ఆఫీసు గడప ఎక్కడానికి జంకే తెలుగు చిరువ్యాపారి పేరు ఆ సమయంలో ఎవరికి గుర్తొస్తుంది? షాపు కలెక్టరాఫీసుకి నాలుగు వీధుల అవతలే ఉన్నా, సరుకు మాత్రం భువనేశ్వర్ నుంచో కటక్ నుంచో దిగుతుంది.

ఈ మాఫీ సహాయ పనుల వరకే. రోడ్లు, వంతెనలు, స్కూలు భవనాలు తిరిగి కట్టడానికి టెండర్లు పిలవాల్సిందే. అక్కడ అడ్డుగోడ వేరే. చిన్న చిన్న పనులన్నీ కలిపి ఒకే ప్యాకేజీ చేసేస్తే, గత మూడేళ్ల టర్నోవర్ ఇంత ఉండాలి, ఇలాంటి పని ఇంత మొత్తంలో చేసి ఉండాలి అనే షరతులు దానంతటవే పెరిగిపోతాయి. పది కల్వర్టుల్ని పది మంది కడతారు. పదీ కలిపితే ఒక్కడే కడతాడు. ఆ ఒక్కడు మళ్లీ ఆ పదిమందికే పీసు వర్కు కింద తక్కువ రేటుకి అప్పజెబుతాడు. పని చేసింది ఊరి మేస్త్రీయే. బిల్లు ఎత్తింది ఇంకొకరు.

చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చిన అండ ఒకటుంది. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏడాది కొనుగోళ్లలో 25 శాతం కొనాలన్న విధానం అది. 2012లో 20 శాతంతో మొదలై 2018లో 25కి పెరిగింది. టెండరు ఫారం ఉచితం, ధరావతు మినహాయింపు. అయితే ఇది సరుకులకి, సేవలకే గాని నిర్మాణ పనులకి కాదు. కేంద్రం కొనుగోళ్లకే గాని రాష్ట్రాలకి నేరుగా వర్తించదు. తుపాను తరవాత ఎక్కువ డబ్బు నడిచేది రాష్ట్రం చేతి మీదుగా, నిర్మాణ పనుల్లోనే. అంటే గొడుగు ఉన్నచోట వాన లేదు, వాన ఉన్నచోట గొడుగు లేదు.

రాష్ట్రం గీత, తుపాను గీత

స్థానికులకే పనులివ్వాలి అనగానే సరిహద్దులో ఇంకో తిరకాసు వస్తుంది. స్థానికుడంటే ఎవరు?

ఇచ్ఛాపురం నుంచి బరంపురం ఎంత దూరం? పెళ్లికి పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం భోంచేసి తిరిగొచ్చేంత. భువనేశ్వర్ నుంచి బరంపురానికి సుమారు 170 కిలోమీటర్లు. తిత్లీ లాంటి తుపాను ఇచ్ఛాపురాన్నీ బరంపురాన్నీ ఒకేసారి కొడుతుంది. రాష్ట్రం పేరుతో గీత గీస్తే మాత్రం భువనేశ్వర్ కంపెనీ స్థానికం, ఇచ్ఛాపురం జేసీబీ పరాయిది. పాతపట్నం, పర్లాకిమిడి మధ్య కూడా ఇదే తంతు. యానాం సంగతి ఇంకా విడ్డూరం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పక్కనే కాకినాడ. పరిపాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమతో పాటు యానాంనీ వణికించింది. అది రాష్ట్రం, కేంద్రపాలిత ప్రాంతం అని తేడా చూడలేదు.

అమెరికా నిబంధనల్లో ఈ చిక్కుకి ఒక పరిష్కారం కనిపిస్తుంది. అక్కడ స్థానిక ప్రాంతం అంటే రాష్ట్రం కాదు, విపత్తు ప్రకటించిన ప్రాంతం. అది పక్కపక్కన ఉన్న రెండు మూడు రాష్ట్రాల జిల్లాల మీదుగా పరుచుకుని ఉండొచ్చు. అధికారి ఆ ప్రాంతం లోపలే గీత గియ్యాలి, దాని బయటికి పోకూడదు. మన దగ్గరా ఇలా ఎందుకు కుదరదు? శ్రీకాకుళం, గంజాం, గజపతి జిల్లాల్ని తుపాను విషయంలో ఒకే ప్రాంతంగా చూసి, ఇరు రాష్ట్రాలు ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది. తుపాను తరవాత కరెంటు పునరుద్ధరణకి పక్క రాష్ట్రం సిబ్బందిని పిలిపించుకోవడం మనకి కొత్తేమీ కాదు. సిబ్బందికి అడ్డురాని సరిహద్దు చిన్న వ్యాపారికే ఎందుకు అడ్డొస్తోంది?

ఇది భాష పేరుతో కోటా అడగడం కాదు. గంజాంలో ఒడియా మేస్త్రీకి దక్కాల్సింది దక్కాలి, తెలుగు మేస్త్రీకి దక్కాల్సింది దక్కాలి. ఇద్దరి కప్పూ ఒకే గాలికి లేచిపోయింది. టెండరు ప్రకటన ఏ భాషలో ఉంది, ఏ పత్రికలో వచ్చింది, ఎవరికి తెలిసింది అన్నదే ప్రశ్న.

పని దొరికితే సరా?

పని దొరకడం సగమే. బిల్లు చేతికి రావడం రెండో సగం. ఉదాహరణకి ఒక చిన్న కాంట్రాక్టరు లెక్క చూద్దాం. పది లక్షలు ఖర్చయ్యే పని, దాని మీద పది శాతం లాభం, అంటే లక్ష మిగలాలి. సిమెంటుకి, ఇనుముకి, కూలీలకి డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకోండి. నెలకి ఇరవై వేలు. బిల్లు ఆరు నెలలు ఆగితే వడ్డీయే లక్షా ఇరవై వేలు. లాభం పోగా ఇరవై వేలు ఎదురు కట్టుకోవాలి. పెద్ద కంపెనీకి బ్యాంకు ఉంది, ఏడాదైనా ఆగుతుంది. చిన్నవాడికి భార్య మెడలో పుస్తెలతాడే బ్యాంకు. అందుకే చాలామంది ప్రభుత్వ పనంటేనే దండం పెడతారు.

2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకి 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ కట్టాలి. 2017లో ఫిర్యాదుల కోసం సమాధాన్ పోర్టల్ తెచ్చారు. ఫిర్యాదు రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళుతుంది. అయితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాడికే ఈ అండ. కొని అమ్మే వ్యాపారులకి 2021లో ఉద్యమ్ తలుపు తెరిచినా అది బ్యాంకు అప్పుల ప్రాధాన్యం వరకే, ఆలస్య చెల్లింపుల రక్షణ వాళ్లకి లేదు. నిర్మాణ కాంట్రాక్టులకి ఈ చట్టం వర్తిస్తుందా అన్నదాని మీద కోర్టుల్లో వాదాలు నడుస్తూ వచ్చాయి. కాబట్టి కాగితం మీద హక్కుందని నిబ్బరంగా కూర్చోవడానికి లేదు.

మరో ముప్పు నోటిమాట ఆర్డర్లది. తుపాను రాత్రి ఫోనొస్తుంది. అన్నయ్యా, రెండు జేసీబీలు పంపు, బిల్లు తరవాత చూసుకుందాం అంటారు. పంపుతాడు. చెట్లు తీస్తాడు, రోడ్డు తెరుస్తాడు. నెల తరవాత ఆఫీసుకెళితే ఫోను చేసిన అధికారి బదిలీ. కొత్తాయన, ఆర్డరు ఏది బాబూ అంటాడు. ఏం చెప్పాలి?

స్థానికుడైతే చాలా?

ఎదుటిపక్షం వాదన కూడా వినాలి. తుపానులో స్థానిక వ్యాపారి గోడౌనూ మునుగుతుంది. అతని జేసీబీయే బురదలో ఉంటే ఎవరి రోడ్డు తెరుస్తాడు? వందలాది స్తంభాలు, కిలోమీటర్ల కొద్దీ తీగ రెండ్రోజుల్లో తెప్పించే శక్తి పెద్ద సంస్థలకే ఉంటుంది. హుద్‌హుద్ తరవాత ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోంచి వేసే పని చేపట్టారు. అలాంటిది ఊరి వెల్డింగ్ షెడ్డు చేసేది కాదు. దక్షిణ ఒడిశాలో 2021 నుంచి విద్యుత్ పంపిణీ టాటా పవర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపే కంపెనీ చేతిలో ఉంది. దాని కొనుగోలు పద్ధతులు దానికుంటాయి.

ఇంకో మాట, ఇది మరీ చేదు మాట. స్థానికుడు అనే పేరు చాలాసార్లు లీడరుగారి బావమరిదికి ముసుగవుతుంది. ఊరి పేరు చెప్పి నాసిరకం కల్వర్టు కడితే వచ్చే తుపానుకి అది కొట్టుకుపోతుంది, ఊరే మునుగుతుంది. కాబట్టి స్థానికత ఒక్కటే అర్హత కాకూడదు. జిల్లాలో ఇన్నేళ్లుగా పని చేస్తున్నాడా, యంత్రం సొంతమా, ఇదివరకు చేసిన పని నిలబడిందా అన్నవీ చూడాలి. పెద్ద పని పెద్దవాడికి, చిన్న పని చిన్నవాడికి. పెద్దవాడు కింద ఎవరికి ఎంతకిచ్చాడో, ఎప్పుడు చెల్లించాడో బోర్డు మీద రాసి పెట్టాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

ఒక మంచి దారి ఒడిశాలోనే కనబడింది. ఫైలిన్ తరవాత 2014లో ప్రపంచ బ్యాంకు 15.3 కోట్ల డాలర్ల సాయంతో వచ్చిన పథకంలో తీరం దగ్గరి కుటుంబాలకి ఇళ్లను కంపెనీ చేత కట్టించలేదు. ఇంటి యజమానే కట్టుకునేలా విడతలవారీగా డబ్బిచ్చారు. అప్పుడు ఇటుక ఎక్కడ కొనాలో, ఏ మేస్త్రీని పిలవాలో ఇంటివాళ్లే తేల్చుకుంటారు. డబ్బు ఊరి సిమెంటు కొట్టుకీ ఊరి వడ్రంగికీ చేరడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. ఆ పద్ధతిని పడవలకి, వలలకి, కొట్లకి కూడా ఎందుకు విస్తరించకూడదు?

గాలి రాకముందే

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఏటా సెప్టెంబరుకి ముందే ప్రతి తీర జిల్లాలో కలెక్టర్లు ఒక జాబితా తయారు చెయ్యాలి. ఎవరి దగ్గర ఎన్ని జేసీబీలు, రంపాలు, జనరేటర్లు, ట్యాంకర్లు, టెంట్లు ఉన్నాయో రాసుకోవాలి. రేటు ముందే ఖరారు చెయ్యాలి. అప్పుడు 50వ సెక్షన్ కింద టెండరు లేకుండా పిలిచినా, పిలుపు జాబితా ప్రకారం వరస తప్పకుండా వెళుతుంది. ఆ ప్రకటన ఒడియాతో పాటు తెలుగులోనూ రావాలి. చిన్న పనుల్ని ప్యాకేజీలో కలిపితే ఎందుకు కలిపారో కాగితం మీద రాయాలి. షెల్టర్లలో వంట పని మహిళా సంఘాలకి ముందే అప్పగించి, సరుకుకి అడ్వాన్సు ఇవ్వాలి.

వ్యాపారులూ చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దళారికి వేలు పొయ్యనక్కర్లేదు. జీఎస్టీ, కాంట్రాక్టరు లైసెన్సు గడువు, డిజిటల్ సంతకం వేసవిలోనే సరిచూసుకోవాలి. ఒంటరిగా షరతులు అందుకోలేనివాళ్లు నలుగురు కలిసి సొసైటీగానో భాగస్వామ్యంగానో ఏర్పడొచ్చు. అత్యవసరంలో ఫోను మీద పిలుపొస్తే వెళ్లండి, జనం ముఖ్యం. కానీ ఆ రోజే ఒక మెసేజి రూపంలోనైనా ఆర్డరు రాయించుకోండి. యంత్రం ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో రాసి అక్కడున్న ఇంజనీరు చేతో రెవెన్యూ సిబ్బంది చేతో సంతకం పెట్టించండి. ఫొటోలు, డీజిలు బిల్లులు దాచండి. సరుకు అందినట్టు ధ్రువపత్రం లేకుండా లారీ వెనక్కి తిప్పకండి. బరంపురం, పర్లాకిమిడిల్లోని తెలుగు సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ ఎలాగూ కలుస్తున్నాయి. తుపాను కాలం ముందు ఒక పూట కూర్చుని టెండరు కాగితాలు ఎలా నింపాలో కుర్రాళ్ల చేత చెప్పిస్తే అంతకన్నా మంచి పండగ ఇంకోటుండదు.

తుపానుని ఆపడం ఎవరి తరమూ కాదు. అది పోయాక వచ్చే డబ్బు ఎటు పారాలన్నది మాత్రం మనుషులు తేల్చేదే. కప్పు పోయినవాడి చేతికే ఆ కప్పు వేసే పనిస్తే అతనికి రెండు లాభాలు. తలదాచుకునే చోటూ దొరుకుతుంది, పొయ్యిలోకి నిప్పూ దొరుకుతుంది. ఆ పని కూడా ఊరు దాటిపోతే, రెండోసారి తుపాను కొట్టినట్టే.